హీరో బండి మన షెడ్డులో

"అన్నా, ఆర్‌ఆర్‌ఆర్‌ల భీమ్ నడిపే పాత బండి లేదూ, అట్లాంటిది ఇంట్ల చేస్కోవచ్చా?"

బాటసింగారంలో ఈ ప్రశ్న వింతేమీ కాదు. విజయవాడ రోడ్డు మీద రామోజీ ఫిల్మ్ సిటీకి పోయే బస్సులు కనిపిస్తూనే ఉంటాయి. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2022లో ఇక్కడికి తరలి వచ్చాక లారీలకూ కొదవ లేదు. సినిమా, పానా రెండూ చేతికి అందే దూరంలో ఉన్న చోట కుర్రాళ్ళకు ఈ కోరిక పుట్టకపోతేనే ఆశ్చర్యం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఇటువైపు దాకా కాస్త అటూ ఇటూగా ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి, జవాబులన్నీ ఒక చోట పెడుతున్నాను.

ఇంట్లో అవుతుందా, అసలు?

అవుతుంది. ఏ బండి అన్నది ముందు తేలాలి.

కొన్ని సినిమా బండ్లకు నకలు అక్కర్లేదు. అజయ్ భూపతి తీసిన ఆర్‌ఎక్స్ 100 సినిమా 2018లో వచ్చింది. అందులో కార్తికేయ నడిపింది యమహా ఆర్‌ఎక్స్ 100. మన దేశంలో 1985 నుంచి 1996 దాకా తయారైన 98 సీసీ టూ స్ట్రోక్ బండి. అది కావాలంటే పాతది ఒకటి కొని బాగు చేసుకోవడమే. ఇంజిన్ విప్పి పిస్టన్, రింగులు మార్చి, రంగు వేయిస్తే సరి. అక్కడ వెతకాల్సింది సామాను కన్నా కాగితాలు. పదిహేనేళ్ళు దాటిన బండి కదా, ఆర్‌సీ ఎప్పటికప్పుడు పొడిగించారో లేదో చూడకుండా డబ్బు చేతిలో పెట్టొద్దు.

ఇంకో చివర కల్కి సినిమాలో బుజ్జి ఉంది. 2024 మే 22న మన పక్కనే, ఫిల్మ్ సిటీలో దాన్ని జనానికి చూపించారు. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి, బరువు ఆరు టన్నులు. మహీంద్రా ఇంజినీర్లు, కోయంబత్తూరులోని జయం ఆటోమోటివ్స్ కలిసి కట్టారు. దాన్ని షెడ్డులో చేద్దామనుకునే వాడు ముందు షెడ్డు గచ్చు ఎంత మందమో చూసుకోవాలి. డార్క్ నైట్ సినిమాలో బ్యాట్‌మ్యాన్ నడిపే బ్యాట్‌పాడ్ చూసి మోజుపడే వాళ్ళూ ఉన్నారు. అంత వెడల్పు టైర్లున్న బండి మలుపులో వాలదు, అందుకే తిరగదు. ఆ సినిమాకు దాన్ని తొక్కగలిగింది జాన్ పియర్ గోయ్ అనే ఫ్రెంచ్ స్టంట్ మనిషి ఒక్కడే.

ఈ రెండింటికీ మధ్యలో ఉంది భీమ్ బండి. కథాకాలం 1920. భీమ్‌గా వేసిన ఎన్టీఆర్ అక్తర్ అనే పేరుతో ఢిల్లీలో మెకానిక్‌గా ఉంటాడు. వంతెన దగ్గర చరణ్ గుర్రం మీద, ఇతను మోటార్ సైకిల్ మీద. అలాంటి కాలపు బండి అసలుది మనకు దొరకదు, దొరికినా కొనలేం. కానీ ఇప్పటి బండికి ఆ వేషం వేయొచ్చు. ఇంట్లో చేయదగ్గ పని ఇదే. కాబట్టి మిగతాదంతా దీని గురించే.

సినిమా వాళ్ళు చేశారు కదా, మనమెందుకు చేయలేం?

వాళ్ళ బండి ఒకటి కాదు. ఇది చాలామందికి తెలియదు. దగ్గర నుంచి చూపించడానికి నగిషీలన్నీ ఉన్నది ఒకటి, ఎగరడానికి, పడడానికి ఒకటి, విసిరేయడానికి తేలికైన డొల్ల ఒకటి. ఒక్కో షాట్‌కు ఒక్కోటి ముందుకొస్తుంది. మనం చూసేది వాటన్నింటినీ కలిపి కత్తిరించిన బండి. అది ఎడిటింగ్ టేబుల్ మీద తప్ప ఇంకెక్కడా లేదు. మనం చేసుకునేది ఒక్కటే. చూడ్డానికీ అదే, నడపడానికీ అదే, బ్రేకు వేస్తే ఆగాల్సిందీ అదే.

1969లో వచ్చిన ఈజీ రైడర్ సినిమాలో కెప్టెన్ అమెరికా అనే హార్లీ ఛాపర్ ఉంది. ప్రపంచంలో బహుశా అన్నింటికన్నా ఎక్కువ నకళ్ళు పుట్టింది దానికే. క్లిఫ్ వాస్, బెన్ హార్డీ అనే ఇద్దరు నల్లజాతి కారీగర్లు పోలీసుశాఖ వదిలించుకున్న పాత హార్లీలతో సినిమాకు మొత్తం నాలుగు బండ్లు కట్టారు. మూడు దొంగల పాలయ్యాయి, ఒకటి చివరి సన్నివేశంలో తునిగింది. ఆ మిగిలిన ముక్కలతో మళ్ళీ కట్టిందంటూ ఒక బండి 2014లో వేలానికి వస్తే 13.5 లక్షల డాలర్లు పలికింది. ఇది అసలుదేనా అని వెంటనే తగువు మొదలైంది. అసలుకే దిక్కులేనప్పుడు నకలు చేసేవాడికి బెరుకెందుకు? అయితే ఒక మాట. ఆ బండికి ముందు బ్రేకు లేదు, వెనక షాక్ అబ్జార్బర్లు లేవు. ఉన్నదున్నట్టు దించితే ఆ లోపాలు కూడా దిగుతాయి.

ది గ్రేట్ ఎస్కేప్ (1963) వాళ్ళ దారి నాకు నచ్చుతుంది. రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ బండి కావాల్సి వస్తే వాళ్ళు ఇంగ్లండులో తయారైన ట్రయంఫ్ టీఆర్6 తీసుకుని జర్మన్ సైన్యపు రంగు పూసి ముళ్ళకంచె మీదికి దూకించారు. బండ్ల సంగతి తెలిసిన వాడు ఇట్టే పట్టేస్తాడు. మిగతా ప్రపంచానికి అరవై ఏళ్ళుగా అది జర్మన్ బండే.

మన ఊళ్ళోనూ ఈ దారి పట్టిన పెద్దమనిషి ఉన్నాడు. బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం చూడండి. సుధాకర్ యాదవ్ బడి రోజుల్లోనే తుక్కు సామానుతో బండ్లు కట్టడం మొదలుపెట్టి, 2005లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు మూడు చక్రాల సైకిల్‌తో గిన్నిస్‌కెక్కాడు. బర్గర్ కారు, కెమెరా కారు, హీల్స్ చెప్పు కారు, అన్నీ కదిలేవే. పిల్లలు పై రూపం చూసి నవ్వుతారు. మీరు వంగి కింద చూడండి. అక్కడున్నది మామూలు చక్రాలు, మామూలు ఇంజిన్, మామూలు స్టీరింగ్. వేషం పైన వేశాడు, ఎముకల జోలికి పోలేదు.

దేని మీద కట్టాలి?

పాత బుల్లెట్ 350 మీద. పోత ఇనుప ఇంజిన్ ఉన్నదైతే మరీ మంచిది. ఎందుకంటే దాని సిలిండర్ నిటారుగా ఒంటరిగా నిలబడి ఉంటుంది. బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. అంటే వెడల్పు కన్నా పొడవెక్కువ. పాత ఇంగ్లిష్ బండ్ల పద్ధతి అదే. 1955లో మద్రాసులో మొదలైన బండి 2010 ప్రాంతం దాకా పెద్దగా రూపం మార్చుకోకుండా వచ్చింది కాబట్టి సామాను దొరుకుతుంది, విప్పి బిగించడం తెలిసిన మెకానిక్‌లు ప్రతి బస్తీలో ఉన్నారు. చక్రాలు రెండూ 19 అంగుళాలవి. ఇప్పటి చిన్న చక్రాల బండి మీద ఎంత నగిషీ చేసినా పాతకాలపు నిలువు రాదు.

బుల్లెట్‌ను పట్టిచ్చేది వెనక షాక్ అబ్జార్బర్లు. 1920ల బండ్లకు అవి ఉండవు. వెనక చక్రం చాసిస్‌కే బిగించి ఉంటుంది, నడిపేవాడి నడుముకు సీటు కింది స్ప్రింగులే దిక్కు. అట్లని కట్టర్ పట్టుకుని చాసిస్ వెనక భాగం కోసేవాళ్ళను చూశాను. వద్దు. షాక్ అబ్జార్బర్లు కనిపించకుండా రెండు పక్కలా తోలు సంచులు వేలాడదీయండి. ఆ కాలపు బండ్లకు సంచులు సహజం, చూసేవాడికి అనుమానం రాదు. సంచి లోపలి వైపు గట్టి పట్టీ వేయాలి, లేకపోతే చువ్వల్లోకి పోతుంది.

ఇంకో గుర్తు చాసిస్ అతుకులు. అప్పట్లో గొట్టాలను పోత కీళ్ళలో దూర్చి ఇత్తడితో అతికేవారు, కాబట్టి ప్రతి కలయిక దగ్గరా ఉబ్బెత్తుగా ఉండేది. ఇప్పటి వెల్డింగ్ అతుకు సన్నగా ఉంటుంది. చీల్చిన గొట్టం ముక్కను అతుకు చుట్టూ క్లాంపులా బిగించి అంచులకు మెటల్ పుట్టీ పెడితే ఆ ఉబ్బు వచ్చేస్తుంది. చాసిస్‌కు వేడి తగలదు. బరువు మోసే గొట్టం మీద కొత్త వెల్డింగ్ పెడితే పగిలేది వెల్డు మధ్యలో కాదు, దాని అంచున, వేడికి ఇనుము గుణం మారిన చోట. పైన రంగు ఉంటుంది కాబట్టి పగులు కనిపించదు కూడా.

కొలతలు ఎక్కడ దొరుకుతాయి?

సినిమాలోనే. బండి సరిగ్గా పక్క నుంచి, తెర మధ్యలో, కాస్త దూరంగా కనిపించే ఫ్రేము ఒకటి ఆపండి. దగ్గర నుంచి తీసినవి పనికిరావు, అంచుల్లో ఆకారం సాగుతుంది. తెలిసిన కొలత ఒక్కటి ఉంటే మిగతావన్నీ లెక్కకొస్తాయి, అది చక్రం. 3.25-19 టైరు అయితే 19కి రెండు పక్కలా 3.25 కలిపితే 25.5 అంగుళాలు, దాదాపు 648 మిల్లీమీటర్లు. మీరు తీసిన ప్రింటులో చక్రం 130 మిల్లీమీటర్లు, ట్యాంకు 110 ఉందనుకోండి. 648ని 130తో భాగించి 110తో గుణిస్తే ట్యాంకు పొడవు సుమారు 548. ఇలా తీసిన కొలతలతో గోడ మీద అసలు సైజులో బొగ్గుతో బొమ్మ గీయండి. కంప్యూటర్లో గీసిన బొమ్మ కన్నా గోడ మీది బొమ్మ ముందు నిలబడితే తప్పులు త్వరగా తెలుస్తాయి.

ముందు ఫోర్క్ ఎందుకంత తలనొప్పి?

పాత బండి మొహం అంటే ఫోర్కే. ఇప్పటి టెలిస్కోపిక్ ఫోర్క్‌లో గొట్టంలో గొట్టం దిగుతుంది. అప్పటి గర్డర్ ఫోర్క్‌లో రెండు పక్కలా జల్లెడ కట్టినట్టున్న కడ్డీల చట్రం, మధ్యలో ఒక పెద్ద స్ప్రింగు, చట్రాన్ని తలకు కలిపే నాలుగు చిన్న లింకులు. చూడ్డానికి బాగుంటుంది కాబట్టి నెట్‌లో డ్రాయింగ్ వెతికి, గొట్టాలు వంచి, కట్టేద్దామనిపిస్తుంది.

కానీ బండి నిటారుగా పోవడం వెనక ఒక లెక్క ఉంది. హ్యాండిల్ తిరిగే ఇరుసు కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. ఆ గీతను అట్లాగే కిందికి పొడిగిస్తే అది నేలను తాకే చోటు, టైరు నేలను తాకే చోటు కన్నా ముందుంటుంది. ఆ రెంటి మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. మామూలు రోడ్డు బండ్లలో ఇది దాదాపు 90 నుంచి 110 మిల్లీమీటర్లు. సూపర్ మార్కెట్ ట్రాలీ చక్రం ఎటు నెట్టినా దానంతట అది వెనక్కి సర్దుకుంటుంది చూడండి, అదే సూత్రం. ట్రెయిల్ తగ్గితే చిన్న గుంతకే హ్యాండిల్ చేతుల్లో కొట్టుకుంటుంది. ఎక్కువైతే నెమ్మదిగా పోయేటప్పుడు హ్యాండిల్ ఒక పక్కకు ఒరిగిపోతుంది, యూటర్న్ దగ్గర కాలు కింద పెట్టాల్సిందే. ఫోర్క్ నాలుగు అంగుళాలు పొడవు చేస్తే ముందు భాగం లేస్తుంది, ఇరుసు ఇంకా వాలుతుంది, ట్రెయిల్ పెరుగుతుంది. అందం కోసం చేసిన ఒక్క మార్పు మూడు కొలతలను కదిలిస్తుంది.

దీన్ని ఇంట్లోనే కొలవొచ్చు. బండిని నిటారుగా నిలబెట్టి మీద ఒకరిని కూర్చోబెట్టండి. హ్యాండిల్ ఇరుసు వాలు వెంబడి ఒక దారం లాగి నేలను తాకిన చోట సుద్దతో గుర్తు పెట్టండి. తాపీ మేస్త్రి గుండు దారాన్ని ముందు యాక్సిల్ మధ్య నుంచి వదిలి రెండో గుర్తు పెట్టండి. రెంటి మధ్య టేపు. ఏ మార్పూ చేయకముందు ఒకసారి, చేశాక ఒకసారి.

ఇంటి పనికి నా సలహా ఒకటే. బుల్లెట్ ఫోర్క్‌ను ఉన్నచోటే ఉంచి, దాని ముందు బరువు మోయని ఉత్తుత్తి గర్డర్ చట్రం పెట్టండి. దాన్ని పై భాగానికి మాత్రమే బిగించాలి. కింది గొట్టాలు లేచి దిగుతుంటాయి కాబట్టి అక్కడ అతికితే చట్రమో బ్రేకు వైరో తెగుతుంది. బిగించాక హ్యాండిల్ రెండు వైపులా ఆఖరి దాకా తిప్పి, ఫోర్క్‌ను పూర్తిగా అణిచి, ఎక్కడా తగలడం లేదని చూసుకోవాలి. నిజమైన గర్డరే కావాలని పట్టుబడితే అది ఇంటి పని కాదు. వనస్థలిపురం ఆటోనగర్‌లో లారీల పనులు చేసే లేత్ మిషన్ల వాళ్ళ దగ్గర కూర్చోండి. పిన్నులు, బుష్‌లు సరైన అంతరంతో తిప్పడం వాళ్ళకు రోజువారీ పని. కాకపోతే లారీ బుష్‌ల మధ్య మీ నాలుగు లింకులు ఎప్పటికి వంతుకొస్తాయన్నది వేరే కథ.

ట్యాంకు ఫైబర్‌తో చేయొచ్చా?

పై తొడుగు చేయొచ్చు. పెట్రోలు అందులో పోయొద్దు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. మామూలు పాలిస్టర్ రెజిన్‌ను ఇథనాల్ మెత్తబరుస్తుంది. ముందు రంగు పొక్కుతుంది, తర్వాత రెజిన్ జిగురై కార్బురేటర్‌లోకి దిగుతుంది. లోపల చిన్న రేకు ట్యాంకు, పైన ఫైబర్ తొడుగు, ఇదీ పద్ధతి. మూత దగ్గర తొడుగుకూ ట్యాంకుకూ మధ్య రబ్బరు రింగు పెట్టడం, ఒలికిన పెట్రోలు బయటికి పోయే గొట్టం వేయడం మరిచిపోవద్దు. లేకపోతే అది తొడుగు లోపల చేరి వేడి ఇంజిన్ మీదికి కారుతుంది.

పాత ట్యాంకునే కోసి వెల్డింగ్ చేద్దామా అంటారు. ఖాళీగా ఉంది కదా అని ధైర్యం. నిండా ఉన్నదానికన్నా ఖాళీదే ప్రమాదం. గాలిలో పెట్రోలు ఆవిరి 1.4 శాతం నుంచి 7.6 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వకు పేలుతుంది. ఎండిపోయినట్టు కనిపించే ట్యాంకు మూలల్లో ఆ మాత్రం ఎప్పుడూ ఉంటుంది. పెట్రోలు ముఖం చూడని కొత్త రేకుతోనే పని చేయించండి.

ఫైబర్ తొడుగుకు అచ్చు థర్మోకోల్‌తో చెక్కుతారు. కత్తితో చెక్కి, గరుకు కాగితంతో రుద్ది, చక్కటి ఆకారం తెచ్చి, రెజిన్ పూయగానే థర్మోకోల్ కళ్ళముందే గుంటలు పడి కరిగిపోతుంది. రెజిన్‌లో ఉండే స్టైరీన్ దాన్ని కరిగిస్తుంది. ముందు థర్మోకోల్ మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూత వేయండి, లేదా ప్యాకింగ్ టేపు ఎక్కడా సందు లేకుండా చుట్టండి. పైన మైనం. అప్పుడు రెజిన్, దాని మీద గాజు మ్యాట్, బ్రష్‌తో అద్దుతూ లోపలి గాలి బుడగలు పోగొట్టాలి, రుద్దకూడదు. మూడు పొరలు చాలు.

ఇక్కడ ఒక ముఖ్యమైన జాగ్రత్త. దుకాణంలో రెజిన్‌తో పాటు రెండు చిన్న సీసాలు ఇస్తారు, ఊదారంగు కోబాల్ట్, నీళ్ళలా ఉండే హార్డెనర్. ఈ రెండూ నేరుగా ఒకదానితో ఒకటి కలవకూడదు. కలిస్తే మంటలు రావచ్చు, పేలనూవచ్చు. కోబాల్ట్ రెజిన్‌లో పూర్తిగా కలిశాకే హార్డెనర్. రెంటికీ ఒకే చెంచా వాడొద్దు, ఒకే అరలో పెట్టొద్దు. మన ఎండాకాలంలో ఇంకో తంటా ఉంది. రేకుల షెడ్డులో మధ్యాహ్నం కలిపితే బ్రష్ ముంచేలోపే డబ్బాలో గడ్డకడుతుంది. పొద్దున్నే, కొద్దికొద్దిగా కలుపుకోవాలి. కళ్ళద్దాలు, చేతి తొడుగులు, గాలి ఆడే చోటు తప్పనిసరి.

రంగుకేం, నలుపే కదా?

నలుపే. మెరుపు దగ్గరే చాలామంది దొరికిపోతారు. బండ్లకు క్రోమ్ పూత మామూలైంది 1920ల చివర్లో. అంతకుముందు నికెల్. క్రోమ్ నీలిఛాయలో అద్దంలా మెరుస్తుంది, నికెల్ కాస్త పసుపుగా, వెచ్చగా కనిపిస్తుంది. 1920 నాటి బండి అని చెప్పి అద్దంలాంటి సైలెన్సర్ పెడితే కథ అక్కడే తేలిపోతుంది. ప్లేటింగ్ చేసేవాళ్ళను నికెల్ దగ్గరే ఆపమని అడగండి, పైసలూ తగ్గుతాయి. స్టిక్కర్ అక్షరాలు వద్దు, నంబర్ ప్లేట్లు చేత్తో రాసే పెయింటర్‌తో బ్రష్‌తో రాయించండి.

శబ్దం సంగతి చాలామంది అడుగుతారు. తెర మీద వినిపించే ఇంజిన్ శబ్దం సాధారణంగా స్టూడియోలో తర్వాత చేర్చింది. దాని కోసం సైలెన్సర్ కోయడం వల్ల ఒరిగేది చలానే.

రోడ్డు మీద తిప్పితే పోలీసులు ఆపరా?

ఆపొచ్చు, ఆపితే తప్పు వాళ్ళది కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద యజమాని చేసిన ఒక్కో మార్పుకు అయిదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. మార్పుకు ఇంత అని లెక్క కాబట్టి మీ బండిలో ఎన్ని మార్పులున్నాయో మీరే లెక్కపెట్టుకోండి.

వింటేజ్ కింద నమోదు చేయిస్తానంటారు కొందరు. 2021లో వచ్చిన నిబంధనలు నిజంగానే పాత బండ్లకు వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తాయి. కానీ బండి మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటాలి, అసలు రూపంలోనే ఉండాలి. పాత బండిలా కనిపించే బండికి అందులో చోటు లేదు.

అందుకే చాసిస్ కోయొద్దని, ఫోర్క్ మార్చొద్దని ఇందాకటి నుంచి పోరుతున్నది. వేషమంతా నట్టు బోల్టులతో బిగించి ఉంటే, ఒక పూటలో విప్పి బుల్లెట్‌ను మళ్ళీ బుల్లెట్‌గా రోడ్డెక్కించొచ్చు. చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఉన్నవే, చెరగకుండా ఉండాలి. రంగు మారిస్తే ఆర్‌సీలో రాయించాలి. సినిమాలోని నంబరు ప్లేటు సరదాకు కూడా రోడ్డు మీద వద్దు. వేషంతో ఉన్నప్పుడు బండి తిరగాల్సింది మీ ఆవరణలో, లేదా ఎవరి సొంత స్థలంలోనైనా. కాలేజీ ఫెస్టుకో, పెళ్ళి ఊరేగింపు ఫొటోలకో తీసుకెళ్ళాలంటే ట్రాలీ ఆటో మాట్లాడుకుని తాళ్ళతో కట్టి తీసుకెళ్ళండి. కట్టేటప్పుడు తాడు ఉత్తుత్తి గర్డర్‌కు వేయొద్దు, అసలు ఫోర్క్‌కు వేయండి.

అంతా అయ్యాక భీమ్‌లా పైకెత్తి విసరొచ్చా?

ఈ ప్రశ్న నవ్వుతూ అడుగుతారు, కానీ అందరూ అడుగుతారు. బుల్లెట్ బరువు 160 కిలోల పైమాటే, మీరు చేర్చిన ఇనుము అదనం. సినిమాల్లో ఇలాంటివి తేలిక డొల్లలతోనో, తర్వాత కంప్యూటర్లో చెరిపేసే తాళ్ళతోనో తీస్తారు. మీ బండిని సెంటర్ స్టాండ్ ఎక్కించడం ముందు నేర్చుకోండి. చేతులతో లాగొద్దు, స్టాండ్ కొన మీద ఒళ్ళంతా బరువు వేసి తొక్కండి, బండి దానంతట అదే వెనక్కి ఎక్కుతుంది. సంచులు నిండుగా ఉంటే ముందు దించేయండి.